అంకె, సంఖ్య, నంబరు: ప్రోగ్రామ్‌కు ఈ తేడా ఎవరు నేర్పాలి?



“మా అబ్బాయి పైథాన్ నేర్చుకుంటున్నాడు, కాలిక్యులేటర్ కూడా తయారు చేశాడు” అని మీలో చాలామంది సంతోషంగా చెబుతుంటారు. సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ కాలిక్యులేటర్ బాగుందో లేదో కోడింగ్ రాని అమ్మానాన్నలు కూడా రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. 5 అడిగిన చోట 5 కొట్టి చూస్తే ఏమీ తెలియదు. “ఐదు” అని కొట్టండి. 5.5 కొట్టండి. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కండి. అప్పుడు ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చూడండి.

వాడేవాళ్లు టైపు చేసింది ఏ రకం సంఖ్యో, అసలు అది సంఖ్యేనా అని ప్రోగ్రామ్ తనిఖీ చేసుకోవాలి. దీన్ని ఇన్‌పుట్ వాలిడేషన్ అంటారు. పాఠంలో ఇది చిన్న భాగం. బయటి ప్రపంచంలో మాత్రం భూమి లెక్కలు, బ్యాంకు లెక్కలు, పరీక్ష మార్కులు అన్నీ దీనిమీదే ఆధారపడతాయి. ద్వారకా తిరుమల, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాల్లో మనకు రోజూ కనిపించే లెక్కలతోనే ఈ విషయాన్ని చూద్దాం.

కీబోర్డు పంపేది అంకెలు మాత్రమే

తెలుగులో మనకు మూడు మాటలున్నాయి. 0 నుంచి 9 వరకు ఉన్న గుర్తులు అంకెలు. ఆ అంకెలతో ఏర్పడి, కూడికకూ తీసివేతకూ పనికొచ్చేది సంఖ్య. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, బస్సు నంబరు అన్నప్పుడు మనం వాడే నంబరు ఇంకో రకం. అది ఒక గుర్తింపు, ఒక పేరు లాంటిది. మాటల్లో ఈ తేడా మనకు చెప్పకుండానే తెలుసు. “మీ ఫోన్ సంఖ్య ఎంత?” అని ఇంట్లో ఎవరూ అడగరు.

కంప్యూటర్‌కు ఈ తేడా తెలియదు. కీబోర్డుపై 1, 2, 0, 0, 0 నొక్కితే ప్రోగ్రామ్‌కు అందేది పన్నెండు వేలు కాదు, వరుసగా ఐదు గుర్తులు. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఆదేశం ఎప్పుడూ అక్షరాల వరుసనే ఇస్తుంది. దాన్ని స్ట్రింగ్ అంటారు. అంటే, దండలో పూలలా గుచ్చిన అక్షరాలు.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. ఒక పిల్లవాడు స్కూలు ఫీజునూ బస్సు ఫీజునూ కూడే ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. టర్మ్ ఫీజు 12000, బస్సుకు 3500. మొత్తం 15,500 రావాలి. కానీ స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చకుండా కూడమంటే కంప్యూటర్ రెండు దండలనూ కలిపి ముడివేస్తుంది. తెరపై 120003500 కనిపిస్తుంది. చదివితే పన్నెండు కోట్ల మూడు వేల ఐదు వందలు! ఇక్కడ కూడిక తప్పలేదు. కూడినవి సంఖ్యలు కావు, అంతే. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన పిల్లలకు దాదాపు అందరికీ ఎదురయ్యే మొదటి ఆశ్చర్యం ఇదే.

ఏ రకం సంఖ్య?

ఆరో తరగతి గణితంలో పిల్లలు పూర్ణ సంఖ్యలు, దశాంశాలు వేర్వేరు పాఠాలుగా చదువుతారు. “ఎందుకు ఇన్ని రకాలు?” అని అడిగే పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్ మంచి జవాబు చెబుతుంది. పైథాన్‌లో పూర్ణ సంఖ్యను ఇంట్ అంటారు, దశాంశ బిందువు ఉన్నదాన్ని ఫ్లోట్ అంటారు. వీటిని కంప్యూటర్ దాచుకునే తీరే వేరు.

ఏది ఎక్కడ వాడాలో మన చుట్టూ చూస్తే తెలుస్తుంది. చిన వెంకన్న కొండపై నిత్యాన్నదానానికి కూర్చున్న భక్తులను లెక్కపెడితే వచ్చేది పూర్ణ సంఖ్య. నాలుగు వందల పన్నెండున్నర మంది ఉండరు. అదే వంటకు తూచే బియ్యం మాత్రం 312.5 కిలోలు ఉండవచ్చు. పామాయిల్ గెలల లోడు కాటా మీద 2.35 టన్నులు తూగవచ్చు, కానీ తోటలో చెట్లు రెండున్నర ఉండవు. లెక్కపెట్టేవి పూర్ణ సంఖ్యలు, కొలిచేవి దశాంశాలు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఏ ఖాళీకి ఏ రకం అడగాలో పిల్లలు తేలిగ్గానే నిర్ణయించుకోగలరు.

రకం తప్పుగా మారిస్తే ఏమవుతుందో చెప్పే లెక్క ఒకటి. 130 మంది పిల్లలను ఆటపాక పక్షుల కేంద్రానికి విహారయాత్రకు తీసుకెళ్లాలి. బస్సుకు 50 సీట్లు. 130ని 50తో భాగిస్తే 2.6. బస్సులు పూర్ణ సంఖ్యే కావాలి కదా అని ప్రోగ్రామ్‌లో దాన్ని ఇంట్‌గా మారిస్తే, పైథాన్ బిందువు తర్వాత ఉన్నదంతా కోసేసి 2 అంటుంది. రెండు బస్సులు వెళ్లిపోతాయి, ముప్పై మంది పిల్లలు గేటు దగ్గరే ఉంటారు. ఇక్కడ కావలసింది పై సంఖ్యకు తీసుకెళ్లడం, అంటే 3. ఈ నిర్ణయాన్ని కంప్యూటర్ తనంతట తాను తీసుకోదు. ఆలోచించి చెప్పాల్సింది పిల్లవాడే.

తనిఖీ ఎలా చేస్తారు?

పిల్లలకు మొదట తోచే పద్ధతి సులువుగానే ఉంటుంది. టైపు చేసిన ప్రతి గుర్తూ అంకేనా అని చూడటం. అన్నీ అంకెలైతే సంఖ్య, లేకపోతే కాదు. పైథాన్‌లో దీనికోసం ఈజ్‌డిజిట్ అనే సిద్ధంగా ఉన్న సాధనం కూడా ఉంది.

కానీ ఈ పద్ధతి మన కొల్లేరు దగ్గరే ఆగిపోతుంది. కొల్లేరు అభయారణ్యాన్ని 1999లో +5 కాంటూరు వరకు ప్రకటించారు. సరస్సుకు రాంసార్ గుర్తింపు 2002లో వచ్చింది. ఈ ప్రాంతంలో చెరువులున్న ఏ ఇంట్లోనైనా “ప్లస్ ఐదు కాంటూరు” అన్న మాట తెలియనివాళ్లు ఉండరు. సముద్ర మట్టానికి ఎంత ఎత్తు అన్నది ఆ సంఖ్య చెబుతుంది. ఇప్పుడు +5 అని టైపు చేస్తే ఈజ్‌డిజిట్ పద్ధతి “ఇది సంఖ్య కాదు” అంటుంది. ఎందుకంటే ముందున్న ప్లస్ గుర్తు అంకె కాదు. −3 కొట్టినా అంతే, 7.8 కొట్టినా అంతే. మూడూ నిక్షేపమైన సంఖ్యలే.

అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్లు ఇంకో దారి పడతారు. గుర్తులను ఒక్కొక్కటిగా పరీక్షించే బదులు, “దీన్ని పూర్ణ సంఖ్యగా మార్చి చూడు, కుదరకపోతే నాకు చెప్పు” అని కంప్యూటర్‌కే అప్పగిస్తారు. పైథాన్‌లో ఈ జంటను ట్రై, ఎక్సెప్ట్ అంటారు. వరుస ఇలా ఉంటుంది.

మొదట పూర్ణ సంఖ్యగా మార్చే ప్రయత్నం. కుదిరితే అది ఇంట్. కుదరకపోతే దశాంశంగా మార్చే ప్రయత్నం. కుదిరితే అది ఫ్లోట్. అదీ కుదరకపోతే అది సంఖ్య కాదు. అప్పుడు వాడేవారికి మర్యాదగా చెప్పి మళ్లీ అడగాలి.

ఈ వరుస ముఖ్యం. తిరగేసి ముందు దశాంశంగా మారిస్తే 5 కూడా 5.0 అయిపోతుంది, ప్రతి పూర్ణ సంఖ్యా దశాంశంగానే కనిపిస్తుంది. +5ను ఈ పద్ధతి ఇబ్బంది లేకుండా 5గా తీసుకుంటుంది. ముందూ వెనకా పొరపాటున పడిన ఖాళీలను కూడా తీసేసుకుంటుంది.

ఇక్కడ పిల్లలతో చర్చించదగిన ప్రశ్న ఒకటి ఉంది. 5.0 అని కొడితే అది పూర్ణ సంఖ్యా, దశాంశమా? గణితం టీచర్‌ను అడిగితే విలువ ఐదే కాబట్టి పూర్ణ సంఖ్యే అంటారు. పైథాన్‌ను అడిగితే బిందువు ఉంది కాబట్టి నేరుగా ఇంట్‌గా మార్చనంటుంది. ఇద్దరూ తమ తమ నిబంధన ప్రకారం సరైనవారే. పిల్లల సంఖ్య అడిగే చోట 5.0ను అంగీకరించాలా వద్దా అన్నది ప్రోగ్రామ్ రాసేవారు ముందే తేల్చుకోవాలి.

కామాలు, ఖాళీలు, తెలుగు అంకెలు

మనం డబ్బు రాసే తీరు వేరు. లక్షా పాతిక వేలను 1,25,000 అని రాస్తాం. పైథాన్ ఆ కామాలు చూసి “ఇది సంఖ్య కాదు” అని నిరాకరిస్తుంది. తప్పు వాడేవారిది కాదు, వారు చిన్నప్పటి నుంచి అలాగే రాశారు. మార్చే ముందు కామాలు తీసేయడం ప్రోగ్రామ్ బాధ్యత. “అర”, “పావు” అనుకుంటూ 1/2 అని కొట్టేవారికి 0.5 అని రాయమని ముందే ఉదాహరణ చూపించడమూ ప్రోగ్రామ్ బాధ్యతే.

ఫోన్‌లో తెలుగు కీబోర్డు వాడే తాతయ్య ౨౫ అని కొట్టారనుకోండి. తెలుగు అంకెలకు యూనికోడ్‌లో తమ సొంత స్థానాలున్నాయి. పైథాన్ ఆ అంకెలను గుర్తించి 25గా మార్చుకుంటుంది. పిల్లలు ఇది చూసి ఆశ్చర్యపోతారు. అయితే వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ మాత్రం మామూలుగా వీటిని తీసుకోదు. ఇక సున్నా సంగతి మరీ చిత్రం. ఇంగ్లిష్ సున్నా 0, తెలుగు సున్నా ౦, పక్కన చేరే పూర్ణానుస్వారం, ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం. కంటికి నాలుగూ గుండ్రమే. కంప్యూటర్‌కు నాలుగూ వేర్వేరు గుర్తులు. ‘ఓ’ అక్షరం కలిసిన ఫోన్ నంబరు కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు.

ఖాళీగా వదిలేయడం ఇంకా సున్నితమైన విషయం. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే పైథాన్ దాన్ని సంఖ్యగా మార్చనంటుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఖాళీని సంఖ్యగా మార్చమంటే 0 ఇస్తుంది. మార్కుల పట్టికలో దీని అర్థం ఊహించండి. జ్వరం వచ్చి పరీక్షకు రాని పాప మార్కు ఖాళీగా ఉండాలి. అక్కడ సున్నా పడితే ఆమె సగటు పడిపోతుంది. “రాయలేదు”, “రాసి సున్నా తెచ్చుకుంది” అన్నవి రెండు వేర్వేరు నిజాలు. ఖాళీనీ సున్నానూ వేరుగా చూడని ప్రోగ్రామ్ ఆ తేడాను చెరిపేస్తుంది.

నంబరును సంఖ్యగా మార్చవద్దు

అంకెలు కనిపించిన ప్రతిదాన్నీ సంఖ్యగా మార్చేయాలనే ఉత్సాహం పిల్లలకు ఉంటుంది. దానికి ఒక హద్దు ఉంది. ఏలూరు ఎస్‌టీడీ కోడ్ 08812. దీన్ని సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నా పోయి 8812 మిగులుతుంది. సంఖ్యల లెక్కలో ముందు సున్నాకు విలువ లేదు. ఎస్‌టీడీ కోడ్‌లో మాత్రం ఆ సున్నా లేకపోతే కాల్ కలవదు.

పిన్ కోడ్ కూడా అంతే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల పద్ధతిలో మొదటి అంకె దేశంలోని ఏ జోన్ అన్నది చెబుతుంది. మనది 5తో మొదలవుతుంది. రెండు పిన్ కోడ్‌లను కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. దేనిని కూడినా, సగటు తీసినా అర్థం ఉండదో అది సంఖ్య కాదు, నంబరు. దాన్ని స్ట్రింగ్‌గానే ఉంచాలి. తనిఖీ మాత్రం తప్పదు: సరిగ్గా ఆరు గుర్తులున్నాయా, అన్నీ అంకెలేనా, మొదటిది సున్నా కాదు కదా అని చూడాలి. ఇందాక సంఖ్యల దగ్గర పనికిరాని “ప్రతి గుర్తూ అంకేనా” పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది.

ఎక్సెల్‌లో ఆధార్ నంబర్లు టైపు చేసిన వారికి ఇది అనుభవమే. పన్నెండు అంకెలు కొట్టగానే 1.23తో మొదలై చివర 11 ఉన్న వింత రూపంలోకి మారిపోతుంది. ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మారిస్తే సమస్య ఉండదు. పదిహేను అంకెలు దాటిన నంబర్లయితే ఇంకా ప్రమాదం, చివరి అంకెలను ఎక్సెల్ సున్నాలుగా మార్చేస్తుంది. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా అవి తిరిగి రావు.

ఆధార్‌లోనే ఒక అందమైన తనిఖీ దాగి ఉంది. పన్నెండో అంకెను ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్కగట్టి పెడతారు. జాకోబస్ వెర్‌హాఫ్ అనే డచ్ గణిత శాస్త్రవేత్త 1969లో ప్రచురించిన పద్ధతి ఇది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైనా ఆ చివరి అంకె లెక్క కుదరదు. తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

రకం సరే, విలువ సంగతి?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరిగ్గా చేసిన ప్రోగ్రామ్ కూడా పెద్ద నష్టం తేగలదు. మన ప్రాంతపు ఉదాహరణే చూడండి. చేపల చెరువు కౌలు లెక్క కట్టే ప్రోగ్రామ్ “విస్తీర్ణం ఎంత?” అని అడిగింది. చెరువు ఎకరం ఐదు సెంట్లు. రైతు 1.5 అని కొట్టాడు. ప్రోగ్రామ్ తనిఖీ చేసింది: సంఖ్యేనా? అవును. ఏ రకం? దశాంశం. సరే అంది.

కానీ ఎకరానికి వంద సెంట్లు. ఎకరం ఐదు సెంట్లు అంటే 1.05. 1.5 అంటే ఎకరం యాభై సెంట్లు. తేడా 45 సెంట్లు. లెక్క తేలికగా ఉండటానికి కౌలు ఎకరానికి లక్ష రూపాయలు అనుకుంటే, 1,05,000 కట్టాల్సిన చోట 1,50,000 అవుతుంది. ఒక్క సున్నా రాయకపోవడం వల్ల నలభై ఐదు వేల తేడా. రకం తనిఖీ దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ నిజమైన దశాంశాలే.

దీనికి మందు ప్రశ్న అడిగే తీరులో ఉంది. దస్తావేజుల్లో ఎకరాలు, సెంట్లు మధ్య గీత పెట్టి 1-05 అని విడిగా రాస్తారు. ప్రోగ్రామ్ కూడా అలాగే రెండు ఖాళీలు ఇవ్వాలి: ఎకరాలు ఎన్ని, సెంట్లు ఎన్ని. రెండూ పూర్ణ సంఖ్యలే. సెంట్లు 0 నుంచి 99 మధ్య ఉండాలి. ఇక పొరబడే అవకాశం చాలావరకు పోతుంది.

విలువకు హద్దు పెట్టడం కూడా ఇలాంటిదే. చెరువు నీటి పీహెచ్ అడిగిన చోట 7.8 బదులు బిందువు మరిచి 78 కొట్టారనుకుందాం. అది మంచి పూర్ణ సంఖ్యే. కానీ పీహెచ్ మామూలుగా 0 నుంచి 14 మధ్యే ఉంటుంది. ఆ హద్దు పెట్టిన ప్రోగ్రామ్ వెంటనే “సరిచూడండి” అంటుంది. హద్దు లేనిది 78ని పట్టుకుని సున్నం ఎంత చల్లాలో సలహా కూడా ఇచ్చేస్తుంది.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళానికి చెందిన యార్క్‌టౌన్ అనే యుద్ధనౌకలో ఒక సిబ్బంది డేటాబేస్‌లోని ఒక ఖాళీలో 0 కొట్టారు. సున్నా పూర్ణ సంఖ్యే కాబట్టి ప్రోగ్రామ్ తీసుకుంది. తర్వాత ఎక్కడో దానితో భాగించాల్సి వచ్చింది. సున్నాతో భాగించడం కుదరదని మన ఆరో తరగతి పిల్లలకు తెలుసు. ప్రోగ్రామ్ కుప్పకూలింది, నౌకను నడిపే వ్యవస్థ నిలిచిపోయింది. అంత పెద్ద నౌక రెండు గంటలకు పైగా నడిసముద్రంలో కదలకుండా ఉండిపోయింది.

2005 డిసెంబరు 8న జపాన్‌లో మిజుహో సెక్యూరిటీస్ సంస్థలో ఒక ఉద్యోగి ఒక షేరును 6,10,000 యెన్‌లకు అమ్మాల్సింది, 6,10,000 షేర్లను ఒక్కొక్కటి ఒక యెన్‌కు అమ్మేలా కొట్టారు. రెండు ఖాళీల్లోనూ పూర్ణ సంఖ్యలే ఉన్నాయి. రెండూ తారుమారయ్యాయంతే. ఆ సంస్థకు వచ్చిన నష్టం దాదాపు 4,000 కోట్ల యెన్‌లు. “ఆ కంపెనీకి ఉన్న మొత్తం షేర్లకన్నా ఎక్కువ అమ్ముతున్నారే” అన్న ఒక్క తనిఖీ ఆర్డరును ఆపేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పరీక్షల్లోనూ ఇదే

పెద్ద తరగతుల పిల్లల తల్లిదండ్రులకు ఇది ఇంకా దగ్గరి విషయం. జేఈఈ మెయిన్‌లో కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, జవాబును సంఖ్యగా టైపు చేయాలి. దశాంశం వస్తే దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించి రాయమని సూచన ఉంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో కొన్ని ప్రశ్నలు రుణాత్మకం కాని పూర్ణ సంఖ్యను అడుగుతాయి. కొన్ని రెండు దశాంశ స్థానాల వరకు విలువ అడుగుతాయి. లెక్క సరిగ్గా చేసి, అడిగిన రకంలో జవాబు ఇవ్వకపోతే మార్కు పోతుంది. “ఈ ఖాళీ ఏ రకం సంఖ్య అడుగుతోంది?” అని ఒక క్షణం ఆగి చూసే అలవాటు ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో పడితే పరీక్ష హాలులో పనికొస్తుంది. అక్కడ తనిఖీ చేసే ప్రోగ్రామ్ పిల్లవాడే.

ఇంట్లో ఐదు నిమిషాలు: ఇలా చేసి చూడండి

మీ పాప లేదా బాబు రాసిన ఏదైనా ప్రోగ్రామ్ తెరిపించండి. వయసు అడిగేదో, మార్కులు అడిగేదో, కొట్టు లెక్క వేసేదో ఏదైనా సరే. కింది వాటిని ఒక్కొక్కటిగా టైపు చేయండి.

1. మామూలు సంఖ్య, ఉదాహరణకు 12. పనిచేయాలి.
2. 12.5. వయసులాంటి చోట “పూర్ణ సంఖ్య ఇవ్వండి” అనాలి. బరువులాంటి చోట తీసుకోవాలి.
3. −3. వయసుకు, మార్కులకు, బరువుకు వద్దనాలి.
4. 0. తీసుకోవచ్చా లేదా అన్నది ప్రశ్నను బట్టి. దానితో భాగించే లెక్క ఉంటే తప్పక ఆపాలి.
5. “పన్నెండు” అని అక్షరాల్లో. ఎర్ర అక్షరాల ఎర్రర్‌తో ఆగిపోకూడదు, మళ్లీ అడగాలి.
6. ఏమీ కొట్టకుండా ఎంటర్. దాన్ని సున్నాగా లెక్కించకూడదు.
7. 1,25,000 అని కామాలతో. తీసుకోవాలి, లేదా కామాలు లేకుండా రాయమని చెప్పాలి.
8. 99999. వయసుకు ఇంత సంఖ్యను అంగీకరిస్తే హద్దు పెట్టలేదని అర్థం.

దశాంశాలు తీసుకునే ప్రోగ్రామ్ అయితే పెద్ద తరగతుల పిల్లలకు ఒక ఆఖరి పరీక్ష పెట్టండి. ఇంగ్లిష్‌లో ఎన్, ఏ, ఎన్ అనే మూడు అక్షరాలు వరుసగా కొట్టమనండి. “సంఖ్య కాదు” అనే మాటకు అది ఇంగ్లిష్‌లో పొట్టి రూపం. విచిత్రంగా పైథాన్ దాన్ని ఫ్లోట్‌గా తీసేసుకుంటుంది! ఆ తర్వాత “ఇది 0 కంటే తక్కువా?” అంటే కాదంటుంది, “100 కంటే ఎక్కువా?” అన్నా కాదంటుంది. కాబట్టి “0 కంటే తక్కువైతే ఆపు, 100 కంటే ఎక్కువైతే ఆపు” అని రాసిన హద్దును తేలికగా దాటేస్తుంది. “0కూ 100కూ మధ్య ఉంటేనే తీసుకో” అని రాస్తే మాత్రం దొరికిపోతుంది. రెండు వాక్యాలూ ఒకేలా కనిపిస్తాయి కదా, తేడా ఏమిటో పిల్లలనే వివరించమనండి.

ఎనిమిదింటిలో నాలుగు దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయినా కంగారు పడకండి, కోప్పడకండి. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో రాసుకోమనండి. మరుసటి ల్యాబ్ పీరియడ్‌లో ఆ జాబితా టీచర్‌కు చూపిస్తే సరిచేసే పని అక్కడి నుంచే మొదలవుతుంది. ప్రోగ్రామ్ చూపే సందేశాన్ని కూడా చదవండి. “తప్పు” అని మాత్రమే ఉంటే సరిపోదు. “దయచేసి 1 నుంచి 100 లోపు పూర్ణ సంఖ్య రాయండి, ఉదాహరణ: 45” అని ఉంటే అమ్మమ్మ కూడా రెండోసారి సరిగ్గా కొట్టగలదు.

ఈ నెల మీ ఇంట్లో భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేసి చూడండి. మన ఇంటి కరెంటు బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు, యూనిట్లు, కట్టాల్సిన మొత్తం, ఈ మూడింటిలో ఏది నంబరు, ఏది పూర్ణ సంఖ్య, ఏది దశాంశం కావచ్చు? బిల్లు చేతికిచ్చి పిల్లలనే చెప్పనివ్వండి.